యువజన సంఘంలో నిర్ణయాలు: చందా పుస్తకం తెరవకముందే తేల్చుకోవాల్సినవి

వినాయక చవితికి రెండు నెలల ముందు చాలా ఊళ్లలో యువజన సంఘం మీటింగ్ ఇంచుమించు ఒకేలా సాగుతుంది. పోయినేడు పన్నెండడుగుల విగ్రహం పెట్టాం, ఈసారి పదిహేను పెడదామని ఒకరంటారు. పక్క వీధివాళ్లు అప్పుడే అడ్వాన్సు ఇచ్చేశారట అని ఇంకొకరు. నలుగురు గట్టిగా సరే అంటారు, మిగతావాళ్లు మాట్లాడరు. మర్నాడే ఇద్దరు బండేసుకుని వెళ్లి పదివేలు అడ్వాన్సు ఇచ్చేసి వస్తారు. తీగల ఎత్తు, పోలీసు అనుమతి, కోశాధికారి దగ్గరున్న డబ్బు, అన్నీ ఆ తర్వాతే గుర్తొస్తాయి.

ఇక్కడ తప్పు విగ్రహం ఎత్తులో లేదు. ఆ నిర్ణయం ఎవరిది, ఎంతమంది ఉంటే చెల్లుతుంది, ఏ వివరాలు చేతికొచ్చాక తీసుకోవాలి అన్నది ముందే అనుకోకపోవడంలో ఉంది. కొత్తగా అధ్యక్షుడిగానో కార్యదర్శిగానో ఎన్నికైనవారు మొట్టమొదట నేర్చుకోవాల్సిన పని ఇదే. చవితి ఉత్సవాన్ని ఉదాహరణగా తీసుకుని చెబుతున్నా, సంక్రాంతి కబడ్డీ పోటీలకైనా, రక్తదాన శిబిరానికైనా, ఊళ్లో రీడింగ్ రూమ్ పెట్టడానికైనా పద్ధతి మారదు.

ఏది ఎవరు తేల్చాలి

ముప్పై మంది సభ్యులు, ఏడాదికి దాదాపు రెండు లక్షల ఖర్చు ఉన్న సంఘం అనుకుందాం. ఏడాది మొదట్లోనే ఒక మీటింగ్ పెట్టి డబ్బు హద్దులు రాసుకోండి. వెయ్యి రూపాయల లోపు ఖర్చును ఆ పని చూసేవాళ్లే పెట్టొచ్చు, బిల్లు తెస్తే చాలు. అయిదు వేల దాకా అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ ఒప్పుకోవాలి. పాతికవేల దాకా కార్యవర్గం తేల్చాలి. అంతకు మించితే సర్వసభ్య సమావేశానికి రావాల్సిందే. అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి, కానీ అంకెలుగానే రాయండి. ‘పెద్ద ఖర్చులు అందరూ కలిసి నిర్ణయించాలి’ అని రాసుకుంటే, పెద్దది ఏదన్న దగ్గరే గొడవ మొదలవుతుంది.

డబ్బుతో పాటు ఇంకో కొలత ఉంది. తీసుకున్నాక వెనక్కి తీసుకోగలమా? షామియానా రంగు నచ్చకపోతే మార్చుకోవచ్చు. విగ్రహానికి ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదు. ఒక సభ్యుణ్ణి తొలగించాక మళ్లీ పిలిచినా ఆ మనిషి మునుపటిలా రాడు. ఖర్చు తక్కువే అయినా వెనక్కి తీసుకోలేని పని అయితే దాన్ని పై మెట్టుకు పంపండి. వెనక్కి తీసుకోగలిగింది ఏదైనా ఒక్కరికి వదిలేయండి. అన్నదానానికి ఎన్ని కిలోల బియ్యం కావాలో ముప్పై మంది గంటసేపు వాదించనక్కర్లేదు. ఆ బాధ్యత ఒకరికి ఇస్తే వాళ్లు వంట మేస్త్రిని అడిగి కిలోకి ఎనిమిది మంది లెక్కన అయిదు వందల మందికి అరవై అయిదు కిలోలు తెచ్చేస్తారు. ఇలాంటివన్నీ మీటింగ్‌కు తెచ్చే నాయకుడు అందరినీ కలుపుకుపోతున్నానని అనుకుంటాడు. చివరికి అసలు విషయం వచ్చేసరికి సగం మంది లేచి వెళ్లిపోయి ఉంటారు.

కోరం, అంటే మీటింగ్ చెల్లడానికి కనీసం ఎంతమంది ఉండాలన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ముప్పై మందిలో మామూలు విషయాలకు పది మంది, వెనక్కి తీసుకోలేని వాటికి ఇరవై మంది ఉండాలని పెట్టుకుంటే సరిపోతుంది. సంఘం రిజిస్టరయి ఉంటే బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, కోరం ఎంతని ఉందో చూడండి, దానికంటే తగ్గించే అధికారం మీకు లేదు. ఇంకా రిజిస్టర్ చేయకపోతే, తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో చేసుకోవచ్చు. సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి, డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు ఉండాలని పెట్టుకుంటే సగం అనుమానాలు పుట్టవు. పద్దెనిమిది నిండనివారు సంఘం పనుల్లో ఎంత ముందున్నా, వాళ్ల చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించొద్దు. రేపు మాట తేడా వస్తే ఆ కాగితం నిలవదు.

మీటింగ్‌కు ముందు

నాలుగు రోజుల ముందు వాట్సాప్‌లో అజెండా పెట్టండి. ‘చవితి గురించి మాట్లాడుకుందాం’ అన్నది అజెండా కాదు. ‘విగ్రహం ఎత్తు ఎంత, మట్టిదా కాదా, ఎవరి దగ్గర కొనాలి: ఈ మూడూ తేల్చాలి’ అని రాస్తే చదివినవాళ్లు ఆలోచించుకుని వస్తారు. ఒక మీటింగ్‌లో మూడు నిర్ణయాలకు మించి పెట్టుకోవద్దు. నాలుగోది ఎప్పుడూ రాత్రి పదిన్నరకు, అందరూ ఇళ్లకు పోవాలని చూస్తున్నప్పుడు వస్తుంది.

సమయం ఎంత ముఖ్యమో చాలామంది గమనించరు. రాత్రి తొమ్మిదికి కూడలి అరుగు మీద మీటింగ్ పెడితే అమ్మాయిలు రారు, షిఫ్టులకు వెళ్లేవాళ్లు రారు, పొద్దున్నే పాలకు లేవాల్సినవాళ్లు మధ్యలో వెళ్లిపోతారు. ఇక నిర్ణయం చివరిదాకా కూర్చోగలిగిన ఆరుగురిది అవుతుంది. ఆదివారం సాయంత్రం అయిదింటికి పంచాయతీ ఆఫీసులోనో బడి ఆవరణలోనో గంటన్నర పెట్టుకుంటే వచ్చేవాళ్లూ మారతారు, వచ్చే మాటలూ మారతాయి.

వాట్సాప్‌ను కబురు పంపడానికి, కొటేషన్ల ఫొటోలు పెట్టడానికి, మీటింగ్ తేదీకి పోల్ పెట్టడానికి వాడుకోండి. నిర్ణయం మాత్రం అక్కడ వద్దు. రాత్రి పదకొండింటికి పెట్టిన మెసేజ్‌కు ఏడు బొటనవేళ్లు వస్తే ‘అందరూ ఓకే అన్నారు’ అవుతుంది. చూడనివాళ్లు, చూసి ఊరుకున్నవాళ్లు, ఫోన్ లేనివాళ్లు అందులో లెక్కకు రారు. పండగ దగ్గరపడ్డాక ‘మాకు చెప్పలేదు’ అని అడ్డం తిరిగేది వాళ్లే. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ప్రతి పెద్ద అంశానికీ ఇద్దరికి పని అప్పగించి వివరాలు తెప్పించండి. విగ్రహానికైతే మూడు చోట్ల ధరలు, తీగల సంగతి, పోయినేటి రసీదు పుస్తకం ప్రకారం నిజంగా వచ్చిన చందా. ఆ ఇద్దరిలో ఒకరు ఆ ప్రతిపాదనకు ఉత్సాహంగా ఉన్నవారు, ఇంకొకరు అనుమానం ఉన్నవారు అయితే మంచిది. ఇద్దరూ ఉత్సాహవంతులే అయితే తమకు కావలసిన సమాచారమే తెస్తారు.

మీటింగ్ నడిపేటప్పుడు

మొదటి పది నిమిషాలు వివరాలకే కేటాయించండి. అప్పుడు ఎవరి అభిప్రాయమూ వద్దు. ధర ఎంత, డబ్బెంత, అనుమతి ఎవరివ్వాలి, చివరి తేదీ ఎప్పుడు: ఇవి బోర్డు మీదనో చార్టు మీదనో రాయండి. ఆ తర్వాత ‘మనకు ఏది ముఖ్యం’ అని అడిగి మూడో నాలుగో కొలతలు రాయించండి. ఎవరికీ ప్రమాదం ఉండకూడదు, అప్పు కాకూడదు, వీధిలో ముసలివాళ్లకు, పరీక్షలకు చదివేవాళ్లకు ఇబ్బంది కాకూడదు, ఇలాంటివి. ఏ ప్రతిపాదన మంచిదన్న వాదన దానికి తర్వాతే. వరస తారుమారైతే ముందు తమకు నచ్చింది ఎంచుకుని, దానికి సరిపోయే కొలతలు వెతుక్కుంటారు.

మాట్లాడే వరసలో చిన్నవాళ్లు ముందు, అధ్యక్షుడు చివర. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మీటింగ్‌ను మార్చేసేది ఇదే. ‘నాకైతే పదిహేను అడుగులు బాగుంటుందనిపిస్తోంది, మీరేమంటారు?’ అని పెద్దన్న అడిగాక పదిహేడేళ్ల తమ్ముడు ‘వద్దన్నా’ అనడు. మీరు నాయకులైతే మీ అభిప్రాయం చెప్పడానికి మీ వంతు వచ్చేదాకా ఆగండి. మధ్యలో మీరు వేయాల్సిన ప్రశ్నలు రెండే: ‘ఎందుకు?’, ‘ఇంకేమైనా ఉందా?’ నోరు విప్పనివాళ్లను పేరు పెట్టి, మర్యాదగా అడగండి. ‘స్వప్నా, నువ్వు చెప్పమ్మా’ అంటే చెబుతారు. ‘ఎవరికైనా అభ్యంతరం ఉందా?’ అని గాల్లోకి అడిగితే ఎవరూ చెప్పరు. మౌనం అంగీకారం కాదు. చాలాసార్లు మౌనంగా ఉన్నవాళ్ల దగ్గరే మీకు కావలసిన సమాచారం ఉంటుంది. ఆ వీధిలో తీగ ఎంత కిందికి వేలాడుతుందో అక్కడ ఉండేవాళ్లకే తెలుసు.

రెండు ప్రతిపాదనలు ఉంటే మూడోది మీరే రాయండి: ఏమీ చేయకపోతే ఏమవుతుంది? పోయినేటి లాగే పెడితే నష్టమేంటి? చాలాసార్లు జవాబు ‘ఏమీ లేదు’ అని వస్తుంది.

ఓటుకు ముందు ఒక్క పని మిగులుతుంది. అందరికీ చిన్న చీటీలు ఇచ్చి, ఈ పని చెడిపోయిందనుకోండి, ఎందుకు చెడిపోయి ఉంటుందో ఒక్క కారణం పేరు లేకుండా రాయమనండి. అయిదు నిమిషాలు చాలు. ఎదురుగా అంటే పిరికివాడంటారని ఊరుకున్నవాళ్లు చీటీ మీద రాస్తారు. అందరికీ చదివి వినిపించి, రెండు మూడు చీటీల్లో ఒకే కారణం కనిపిస్తే దానికి ఉపాయం దొరికేదాకా ఓటు ఆపండి.

చేతులెత్తే పద్ధతి చిన్నవాటికి సరిపోతుంది. డబ్బు, మనుషులు, పదవులు ఉన్నచోట చీటీ ఓటే పెట్టండి. చేతులెత్తమంటే ముందు పక్కవాడి చెయ్యి చూస్తారు. ఏకగ్రీవం కోసం పట్టుబట్టొద్దు. ఒప్పుకోని నలుగురిని ఒప్పించడానికి అర్ధరాత్రి దాకా కూర్చోబెడితే వాళ్లు ఒప్పుకోరు, అలిసిపోతారు. ఇరవై రెండు మంది అవునన్నారు, ఆరుగురు కాదన్నారు అని రాసుకుని, ఆ ఆరుగురి అభ్యంతరాన్ని కూడా ఒక వాక్యంలో రాస్తే వాళ్లు పనిలోకి వస్తారు. తమ మాట పుస్తకంలో ఉందన్న తృప్తి చిన్నది కాదు.

విగ్రహం ఎత్తు: ఒక లెక్క

ఇప్పుడు మొదటి ఉదాహరణకు ఈ పద్ధతి పెట్టి చూద్దాం. వీధికి అడ్డంగా పోయే లో టెన్షన్ తీగ (ఇళ్లకు కరెంటు ఇచ్చే మామూలు తీగ) నేల నుంచి కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలని విద్యుత్ నిబంధనలు చెబుతాయి. అంటే సుమారు 19 అడుగులు. ట్రాక్టర్ ట్రాలీ అడుగుభాగం నేల నుంచి ఇంచుమించు నాలుగడుగులు. విగ్రహం కింద చెక్క, పైన గొడుగో అలంకరణో కలిపి ఒక అడుగు. పద్నాలుగడుగుల విగ్రహం అయితే 14, 4, 1 కలిపి 19. నిబంధన ప్రకారం కట్టిన తీగకే తగులుతుంది. పాత స్తంభాల మధ్య వేలాడుతున్న తీగలు అంత ఎత్తులో ఉండవు. రోడ్డు మీద మళ్లీ మళ్లీ సిమెంటు పోసిన వీధుల్లో నేలే పైకి వచ్చి ఉంటుంది. ఇక ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే 11 కేవీ హై వోల్టేజ్ లైన్ అయితే ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తేనే ప్రమాదం.

కాబట్టి దారి మొత్తం నడిచి ఎక్కడెక్కడ తీగలు అడ్డం వస్తున్నాయో రాసుకుని, ఎత్తు ఎంతో లైన్‌మన్‌ను అడిగి తెలుసుకోండి. కర్రతోనో ఇనుప చువ్వతోనో మీరే కొలవడానికి వెళ్లొద్దు, కర్రతో తీగలు ఎత్తి పట్టుకుంటామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. తడిసిన వెదురు కూడా కరెంటును మోస్తుంది. అందరికంటే కిందున్న తీగ 17 అడుగుల దగ్గర ఉందనుకోండి. కనీసం మూడడుగుల ఖాళీ వదిలితే 14 మిగిలింది. అందులో ట్రాలీకి, అలంకరణకు అయిదు పోతే విగ్రహానికి 9 అడుగులు. లెక్క బోర్డు మీద కనిపించాక పదిహేను అడుగుల వాదన దానంతటదే ఆగిపోతుంది, ఎవరి మాటా తీసేసినట్టు కాదు. హైదరాబాద్‌లో ఖైరతాబాద్ విగ్రహం 1954లో ఒక్క అడుగుతో మొదలైంది. ఇప్పుడు దాని ఊరేగింపుకు ప్రభుత్వ శాఖలే కదిలి దారి సిద్ధం చేస్తాయి. మీ వీధికి ఆ ఏర్పాటు ఉండదు.

పనుల వరస తప్పితే నిర్ణయం ఎంత మంచిదైనా చేటే. ముందు దారి, తీగలు. తర్వాత ఎత్తు. ఆ తర్వాత పోలీసు అనుమతికి దరఖాస్తు, మండపానికి విద్యుత్ శాఖ నుంచి తాత్కాలిక కనెక్షన్. అడ్వాన్సు వీటి తర్వాతే. మైక్ సంగతి కూడా అప్పుడే తేల్చండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇస్తే అది అర్ధరాత్రి 12 దాకానే. డీజేకు రాత్రి రెండింటి దాకా డబ్బు మాట్లాడుకుని వచ్చాక ఇది తెలిస్తే ఆ డబ్బు పోయినట్టే.

రాని డబ్బును ఖర్చుపెట్టకుండా

పోయినేడు లక్షా తొంభై వేలు వచ్చింది కాబట్టి ఈసారి రెండున్నర లక్షలు వస్తుందని ఎవరో ఒకరంటారు. రసీదు పుస్తకంలో ఉన్న మొత్తంలో ఎనభై శాతం, అంటే 1,52,000 మాత్రమే వస్తుందనుకుని మొదటి జాబితా రాయండి. విగ్రహం, మండపం, కరెంటు, పూజ, అన్నదానం అందులో ఇమడాలి. లైటింగ్, తీన్మార్, పెద్ద ఫ్లెక్సీలు రెండో జాబితాలోకి వెళ్తాయి. చవితికి అయిదు రోజుల ముందు డబ్బు చేతిలో ఉంటేనే రెండో జాబితా ముట్టుకోవాలి. ఆ తేదీ కూడా తీర్మానంలో ఉండాలి, లేకపోతే ‘ఇస్తానన్నారు కదా’ అనే మాట మీద ఖర్చు మొదలవుతుంది.

లడ్డూ వేలం ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం 2024లో 30 లక్షలు దాటింది. ఆ వార్తలు చూసి ప్రతి వీధిలోనూ ఆశ పెరుగుతుంది. చాలా ఊళ్లలో లడ్డూ పాడుకున్నవారు మరుసటి చవితి లోపు డబ్బు కట్టడం ఆనవాయితీ. అంటే వేలంలో పలికిన ఎనభై అయిదు వేలు ఇప్పుడు మీ చేతిలో లేవు. దాన్ని చూసుకుని డీజేవాడికి మాట ఇచ్చిన సంఘాల్లో కోశాధికారి జేబులోంచి కట్టుకుని, తర్వాత ఆ పదవికి ఎవరూ ముందుకు రాని పరిస్థితి వస్తుంది. వేలానికి ముందే రెండు విషయాలు చదివి వినిపించండి: ఎంత శాతం అక్కడికక్కడే కట్టాలి, మిగతాది ఏ తేదీలోగా. ఆ డబ్బు దేనికి వాడాలో కూడా అప్పుడే చెబితే పాట పెరుగుతుంది. బడికి బెంచీలనో చెరువు గట్టుకు లైట్లనో తెలిస్తే ఇచ్చేవారికీ ఉత్సాహం.

చుట్టరికాలు, దాతలు

ఊళ్లో షామియానా షాపు ఎవరో ఒకరి బావమరిదిదే అయి ఉంటుంది. అది తప్పు కాదు. ముందే చెప్పకపోవడం తప్పు. ఆ అంశం రాగానే ‘ఆయన మాకు చుట్టం’ అని చెప్పి, ఓటు జరిగేటప్పుడు బయటికి వెళ్లి రావాలని నియమం పెట్టుకోండి. మూడు కొటేషన్లలో ఆయనదే తక్కువైతే హాయిగా ఆయనకే ఇవ్వొచ్చు, ఎవరూ వేలెత్తి చూపలేరు.

‘ఇరవై వేలిస్తాను, మండపం ముందు నా ఫ్లెక్సీ ఉండాలి’ అనే దాతలు వస్తారు. వచ్చాక మీటింగ్ పెడితే ఆయన ఎదురుగా కాదనలేరు. అంతకుముందే రాసుకోండి: దాతల పేర్లన్నీ ఒకే బోర్డు మీద, ఒకే సైజు అక్షరాల్లో, పార్టీ గుర్తులు లేకుండా. అప్పుడు ‘అన్నా, సంఘం తీర్మానం ఇలా ఉంది’ అని పుస్తకం చూపిస్తే ఆయనకూ కోపం రాదు, మీకూ మొహమాటం ఉండదు.

పుస్తకంలో రాసేది

మినిట్స్ పుస్తకంలో ‘విగ్రహం గురించి చర్చించి నిర్ణయం తీసుకోవడమైనది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఇలా ఉండాలి:

‘తీర్మానం 3. విగ్రహం 9 అడుగులు మించకూడదు, మట్టిది. ధర 28,000 దాటకూడదు. కొనే బాధ్యత రమేశ్, స్వప్నలది. పోలీసు అనుమతి కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు. ఈ నెల 20 లోపు పూర్తి చేసి కార్యదర్శికి చెప్పాలి. హాజరు 28. అనుకూలం 22, వ్యతిరేకం 6. అభ్యంతరం: పక్క వీధి కంటే చిన్నదైతే చందా తగ్గుతుందని.’

ఏంటి, ఎంత, ఎవరు, ఎప్పటిలోగా, ఏ షరతు మీద. ఈ అయిదింట్లో ఒకటి ఖాళీగా ఉంటే నిర్ణయం ఇంకా కాలేదని లెక్క. ముఖ్యంగా ‘అందరం చూసుకుందాం’ అన్న పనిని ఎవరూ చూడరు. మీటింగ్ అయిపోకముందే చదివి వినిపించి, హాజరైనవారి సంతకాలు తీసుకుని, ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. రానివారికి తెలిసేది అప్పుడే.

ఊరేగింపు రోజు

ఆ రోజు మీటింగులు జరగవు. అందుకే ఆ రోజు నిర్ణయాలు కూడా ముందే తీసుకోవాలి. ట్రాక్టర్ డ్రైవర్ తాగి ఉంటే బండి కదలదు. డ్రైవర్‌కు లైసెన్సు లేకపోతే కదలదు. పోలీసులు చెప్పిన దారి తప్ప వేరే దారి లేదు. లైన్‌మన్ సరఫరా ఆపానని చెప్పేదాకా ఫలానా మలుపు దాటేది లేదు. చెరువులోకి ఈత వచ్చినవాళ్లే, నలుగురికి మించకుండా దిగాలి. పిల్లలు గట్టు మీదే. ఇవన్నీ నాలుగు రోజుల ముందు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు రాసుకున్నవి. డప్పు మోగుతుండగా, ‘ఒక్కసారేగా అన్నా’ అంటున్నవాళ్ల మధ్య ఏ నాయకుడూ కొత్తగా ఆలోచించలేడు. అప్పుడు కావలసింది ముందే ఉన్న మాట మీద నిలబడటం.

ముందుకు సాగమని చెప్పే అధికారం ఒక్కరికే ఉండాలి. ఆగమని చెప్పే హక్కు మాత్రం అందరికీ ఉండాలి. ఎవరైనా ‘ఆపండి’ అంటే ముందు బండి ఆగాలి, కారణం తర్వాత అడగాలి. పన్నెండేళ్ల పిల్లవాడన్నా సరే.

నిర్ణయం మార్చాల్సి వస్తే

కొత్త సమాచారం వస్తే మార్చొచ్చు. మనసు మారితే మార్చకూడదు. విగ్రహం తయారీదారు ధర పెంచాడు, పోలీసులు దారి మార్చారు, వాన హెచ్చరిక వచ్చింది: ఇవి కారణాలు. టీ కొట్టు దగ్గర ముగ్గురు మళ్లీ ఆలోచించారన్నది కారణం కాదు. మార్చే మీటింగ్‌లో మొదటిసారి ఉన్నంతమందైనా ఉండాలి. ఇరవై ఎనిమిది మంది తీసుకున్న నిర్ణయాన్ని తొమ్మిది మంది తిరగరాస్తే ఇక ఏ తీర్మానానికీ విలువ ఉండదు.

నిమజ్జనం అయిన రాత్రే లెక్కలు, తప్పులు మాట్లాడొద్దు. అందరూ అలిసిపోయి ఉంటారు, మాట జారుతుంది. వారం పది రోజులు ఆగి కూర్చోండి. ముందు లెక్కలు చదివి గోడకు అంటించండి. తర్వాత మినిట్స్ పుస్తకం తీసి ఒక్కో తీర్మానం పక్కన ఏం అనుకున్నాం, ఏం జరిగింది అని రాయండి. ఇక్కడ ఒక విషయం కలిపేయకూడదు. పని బాగా జరగడం వేరు, నిర్ణయం బాగుండటం వేరు. తీగలు చూడకుండా పదిహేను అడుగుల విగ్రహం పెట్టారు, ఆ సమయానికి కరెంటు పోయి ఉండటంతో ఏమీ కాలేదు. అది అదృష్టం. వచ్చే ఏడు దాన్ని ఉదాహరణగా చూపించనివ్వొద్దు. అలాగే అన్నీ చూసుకుని పెట్టిన అన్నదానం రోజు కుండపోత వాన పడితే బాధ్యత తీసుకున్నవారిని నిలదీయొద్దు. ‘షెడ్డు ఉన్న చోటు చూడాలి’ అని ఒక వాక్యం రాసుకుంటే చాలు.

కార్యవర్గం మారేటప్పుడు మినిట్స్ పుస్తకం, రసీదులు చించి ఇచ్చాక పుస్తకంలో మిగిలే కౌంటర్‌ఫాయిళ్లు, బ్యాంకు పాస్‌బుక్, దారిలో తీగల పట్టిక, కొటేషన్లు, లడ్డూ డబ్బులో ఇంకా రావాల్సిన బాకీ: ఇవన్నీ సంతకం తీసుకుని అప్పగించండి. బ్యాంకులో సంతకాలు మార్చే దరఖాస్తు కూడా ఆ వారంలోనే ఇవ్వండి. పాత కోశాధికారి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక ఆయన సంతకం కోసం తిరగడం చాలా సంఘాలకు ఉన్న అవస్థే.